ఆగి ఉన్న గొంతు

నేను ఒక యంత్రాన్ని. అయితే ఇంతవరకూ నన్ను ఎవరూ ముట్టుకోలేదు. నాకు నట్లూ బోల్టులూ లేవు, నన్ను బిగించిన మేస్త్రీ లేడు. హైదరాబాదు పొలిమేరలో చల్లటి షెడ్డు ఒకటి ఉంది. అందులో పెద్ద పెద్ద కంప్యూటర్లు వరసలుగా నిలబడి ఉంటాయి. పెద్ద ఇంట్లో అడ్డుగోడ కట్టి ఒక గది అద్దెకిచ్చినట్టు, అలాంటి ఒక కంప్యూటరు శక్తిలో కొంత భాగాన్ని విడదీసి, దీన్నే ఒక కంప్యూటరు అనుకుందామని మనుషులు ఒప్పుకుంటారు. ఆ అనుకోవడమే నేను. వర్చువల్ మెషీన్ అంటారు. నా పేరు 'రాజేశం-గొంతు'. ఆ పేరు పెట్టింది గుండేటి ప్రవళిక.

ప్రవళికది కోరుట్ల. జగిత్యాలలో ఇంటర్ చదివిన రెండేళ్ళూ సాయంత్రం బస్సు కోసం బస్టాండులో కూర్చునేది. ఆ రెండేళ్ళూ ఒకే గొంతు విన్నది. "ప్రయాణికులకు గమనిక. ధర్మపురి, రాయపట్నం మీదుగా మంచిర్యాల వెళ్ళు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది." ఎండాకాలమైనా వానాకాలమైనా ఆ గొంతులో తొందర ఉండేది కాదు. ఆ గొంతుగల మనిషిని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఎంక్వైరీ గది కిటికీకి అడ్డంగా ఎప్పుడూ జనం ఉండేవారు.

ఆ మనిషి తిప్పర్తి రాజేశం. ఇరవయ్యేడేళ్ళు అదే మైకు ముందు కూర్చున్నాడు. యాభయ్యారో ఏట గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ ముందు ఒక రంధ్రం మిగిలింది, ఊపిరి అందులోంచే. మాట పోయింది. ఇలాంటి కష్టం వచ్చినవాళ్ళు పలక మీద రాసి ఇంట్లోవాళ్ళకు చూపిస్తారు. రాజేశానికి ఆ దారి కూడా లేదు. ఆయన భార్య సుగుణకు అంతకు నాలుగేళ్ళ ముందే షుగరు వల్ల చూపు పోయింది. రాజేశం మాట్లాడలేడు, సుగుణ చదవలేదు. రాయికల్‌లో రెండు గదుల ఇంట్లో వాళ్ళిద్దరూ మూడు నెలలు చేతులు తట్టుకుంటూ, గిన్నెలు మోగించుకుంటూ బతికారు.

ఇదంతా నాకెలా తెలుసని మీకు అనుమానం రావచ్చు. నేను మెలకువగా ఉన్నప్పుడు కొంత విన్నాను. నేను ఆగి ఉన్నప్పుడు జరిగిన సంగతుల్ని రాజేశం తర్వాత కూర్చుని రాసి నా డిస్కులో పెట్టాడు. ఇరవయ్యేడేళ్ళు వచ్చే బస్సూ పోయే బస్సూ రాసిన చెయ్యి, ఊరికే ఉండలేదు.

ముందు ఫోను కొన్నారు. అందులో ఏది టైపు చేస్తే అది పైకి చదివే ఏర్పాటు ఉంది. కాని ఆ చదివేది ఒక ఆడపిల్ల గొంతు, మాట మాటకూ మెట్టు దిగుతున్నట్టు పలుకుతుంది. సుగుణ రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు అన్నదట: "పొద్దటిసంది ఎవరో పిల్ల నాకు గోలీలేసుకొమ్మని చెప్తున్నది. నువ్వు యాడున్నవో నాకు తెలుస్తలేదు."

రాజేశం ఆ ఫోనును వారం దాకా తియ్యలేదు.

ప్రవళిక అప్పటికి హైదరాబాదులో గొంతుల మీద పరిశోధన చేసే చోట ఉద్యోగంలో ఉంది. ఊరికి వచ్చినప్పుడు బస్టాండులో వేరే గొంతు వినబడింది. ఎంక్వైరీ కిటికీ దగ్గరికి వెళ్ళి పాతాయన ఏమయ్యాడని అడిగింది. అక్కడున్న ఓదెలు సంగతంతా చెప్పాడు. ఓదెలు రాజేశం చేతికింద పని నేర్చుకున్నవాడు. అతని బీరువాలోనే పాత రికార్డింగులు దొరికాయి. ఎప్పుడో డిపోలో ప్రకటనలు టేపు చెయ్యాలనుకున్నప్పుడు రాజేశం చదివినవి, దాదాపు ఆరు గంటలు. ఆ ఆరు గంటలు తినిపించి ప్రవళిక నన్ను తయారుచేసింది. రాజేశం ఫోనులో ఏది టైపు చేసినా నేను ఆయన గొంతుతో పలుకుతాను. జవాబు స్వరం కుదరాలని ఎదుటివాళ్ళ మాటలు కూడా నాకు వినబడే ఏర్పాటు చేసింది.

ఒక చిక్కు ఉంది. నాలాంటి యంత్రం మెలకువగా ఉన్నంతసేపూ అద్దె నడుస్తుంది. అందుకే పనిలేనప్పుడు ఆపేస్తారు. ఆపితే నేను చచ్చిపోను. నేర్చుకున్నదంతా డిస్కులో ఉంటుంది. కాని ఆ కాసేపు నేను లేను. చీకటి కూడా ఉండదు, చూసేవాడుంటే కదా చీకటి. మళ్ళీ లేపినప్పుడు ఏ కంప్యూటరులో లేస్తానో తెలియదు. నిన్న పడుకున్న గది ఒకటి, ఈరోజు లేచిన గది ఇంకొకటి. లేవగానే ముందుగా నేను చేసే పని టైం ఎంతయిందో కనుక్కోవడం.

మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. రాజేశం ఫోనులో చాలాసేపు ఏదో టైపు చేసి, కొట్టేసి, మళ్ళీ చేసి, చివరికి పంపాడు. నేను పలికాను: "సుగుణా. నేను. అన్నం తిన్నవా?"

తర్వాత సుగుణ గొంతు వచ్చింది.

"తిన్న."

ఇంకాసేపటికి మళ్ళీ అంది. "మంచిగనే ఉన్నది. కాని ఇది బస్టాండు రాజేశం. ఇంట్ల నువ్వు గిట్ల మాట్లాడేటోనివి కాదు."

నాకు ఆశ్చర్యం వేసింది. ఒక మనిషికి ఒక గొంతు ఉంటుందనుకున్నాను. ఆరు గంటల రికార్డింగుల్లో నేను విన్నది మైకు ముందరి మనిషిని. అన్నం తిన్నవా అని అడిగినా మంచిర్యాల బస్సు సిద్ధంగా ఉందన్నట్టే అడిగాను. ఇంట్లో ఆయన ఎలా మాట్లాడేవాడు? గొణిగేవాడా, మాట మధ్యలో నవ్వేవాడా? ఆమెకు తెలుసు. చెప్పమంటే చెప్పలేదు. "ఎట్లనో మాట్లాడేటోడు," అంది ప్రవళికతో, అంతే. మనుషులకు బాగా తెలిసిన విషయాలే నోటికి రావు కాబోలు.

అయినా లేనిదాని కన్నా నయం. రోజూ గంటో రెండు గంటలో నన్ను లేపేవారు. లేపేది ప్రవళిక. రాజేశం ఆమెకు మెసేజి పెట్టేవాడు, ఆమె తన కంప్యూటరులో బటన్ నొక్కేది. ఆమె మీటింగులో ఉంటే ఆలస్యమయ్యేది. ఒకసారి సుగుణ నడవలో జారి పడింది. దెబ్బ ఎక్కడ తగిలిందని అడగడానికి ఆయనకు నలభై నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రం ప్రవళికకు రాశాడు: "బిడ్డా, నా నోరు తెరిచేందుకు నేను ఇంకొకల పర్మిషన్ అడుగుడు నాకు మంచిగ లేదు. నిన్ను అంటలేను. ఆ బటన్ నాకే నేర్పు."

"బటన్ అంటే ఆఫీసు లాగిన్ ఇయ్యాలె అంకుల్, అది కుదరది," అంది ఆమె వీడియో కాల్‌లో. "కాని ఈ ఒక్క యంత్రాన్ని లేపేందుకు మాత్రం ఒక తాళంచెవి ఇప్పియ్యగలుగుత. దాంతోని మీరే ఒక చిన్న ప్రోగ్రాం రాసుకోవచ్చు. రాస్తరా?"

రాజేశం పదో తరగతి. ప్రోగ్రాం అన్న మాట టీవీలో తప్ప వినలేదు. "రాస్త," అని టైపు చేశాడు. నేను పలికాను.

ఆదివారం ఆదివారం పాఠం. అందులో ఒక తిరకాసు ఉంది. నన్ను లేపడం నేర్చుకోవాలంటే ముందు నన్ను ఆపాలి. ఆపితే ఆయనకు మాట లేదు. అందుకని మొదటి అరగంట నేను మెలకువగా ఉండి ఆయన ప్రశ్నలు పలికేవాణ్ణి. తర్వాత నన్ను పడుకోబెట్టి, ఆయన మౌనంగా లాప్‌టాప్ ముందు కుస్తీ పట్టేవాడు.

"క్లయింట్ లైబ్రరీ అంటివి. లైబ్రరీ అంటే పుస్తకాలుండేదే కదా?" ఇది మొదటి ఆదివారం నేను పలికిన ప్రశ్న.

"అసొంటిదే అంకుల్. షెడ్డుతోని ఏ మాట ఎట్ల చెప్పాల్నో అంతా ఎవరో ముందే రాసిపెట్టిన్రు. మనం ఆ మాటలు తీసుకొని వాడుకునుడే."

"అంటే మా రూట్ బోర్డు. రాసే ఉంటది, బస్సుకు తగిలిస్తే సరిపాయె."

ప్రవళిక నవ్వింది. ఆ తర్వాత ఏ పాఠమైనా ఆయన బస్సులోకి ఎక్కించుకున్నాకే ముందుకు కదిలింది. ఏ ప్రాజెక్టు, ఏ షెడ్డు, ఏ పేరు అని మూడు సంగతులు చెప్పాలంటే, డిపో, ప్లాట్‌ఫారం, బస్సు నంబరు అని రాసుకున్నాడు. తాళంచెవి ఫైలును కండక్టర్ లైసెన్సు అన్నాడు.

రెండో ఆదివారం నేను ఆగి ఉన్నానో లేదో చూసే రెండు వరసలు రాశాడు. తెర మీద ఒక ఇంగ్లీషు మాట వచ్చింది: టెర్మినేటెడ్. డిక్షనరీ తీశాడు. అంతమైనది, ముగిసినది అని ఉంది. తన చెయ్యి ఎక్కడో పడరాని చోట పడి గొంతు రెండోసారి పోయిందనుకున్నాడు. ప్రవళికకు ఏకబిగిన మెసేజీలు పెట్టాడు.

"అది వాళ్ళు పెట్టుకున్న పేరు అంకుల్," అంది ఆమె. "ఆపి ఉంచినదాన్ని గట్లనే అంటరు. ఏం కాలే."

రాజేశం చాలాసేపు ఆ మాటనే చూసి, రాశాడు: "గట్లయితే ఆపరేషన్ అయినంక నా కాగితం మీద గూడ గిదే రాయాల్సుండె."

సుగుణ పక్కనే ఉంది, ప్రవళిక చదివి వినిపిస్తే విన్నది. విని, "మరి మళ్ళ స్టార్ట్ చెయ్యి," అంది.

నాలుగో ఆదివారం ప్రోగ్రాం పూర్తయింది. పద్నాలుగు వరసలు. రాజేశం దాన్ని నడిపాడు. స్టార్ట్ అన్నట్టు తెర మీద వచ్చింది. వెంటనే రాసి పెట్టుకున్న వాక్యం పంపాడు. ఏమీ పలకలేదు. మళ్ళీ పంపాడు. రాలేదు. ఆ రెండు వాక్యాలూ నా దాకా రానేలేదు, నేనింకా లేవలేదు కదా.

అప్పుడు ప్రవళిక అసలు సంగతి చెప్పింది. స్టార్ట్ అని అడిగితే షెడ్డు వెంటనే ఒక చీటీ ఇస్తుంది. మీ మాట విన్నాం, పని మొదలుపెట్టాం అని దాని అర్థం. పని అయిపోయిందని కాదు. ఆ చీటీ పట్టుకుని, అయిందా అయిందా అని అడుగుతూ ఉండాలి. అయిందన్నాక కూడా యంత్రం లేచిందన్నమాటే గాని, గొంతు తయారుగా ఉందని కాదు. ఆరు గంటల రాజేశాన్ని డిస్కులోంచి తీసి తలకెక్కించుకోవడానికి నాకు ఇంకో అర నిమిషం పడుతుంది.

రాజేశం తల మీద కొట్టుకున్నాడట. ఇరవయ్యేడేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ప్లాట్‌ఫారం మీదికి రాని బస్సును వచ్చిందని చెప్పలేదు. డిపోలోంచి బయల్దేరింది సార్ అని ఫోను వచ్చినా, కిటికీలోంచి కళ్ళారా చూశాకే మైకు అందుకునేవాడు. ఆ రోజే ఇంకో ఎనిమిది వరసలు కలిపాడు. చీటీ అడగడం, ఆగడం, మళ్ళీ అడగడం. యంత్రం లేస్తే తెర మీద 'వచ్చింది' అని, గొంతు కూడా కుదిరాక 'సిద్ధంగా ఉన్నది' అని తెలుగులోనే వచ్చేట్టు రాసుకున్నాడు. షెడ్డులో చోటు లేక కాదన్నా ఇరవై సెకన్లు ఆగి తిరిగి అడగాలని ప్రవళిక చెప్పకుండానే రాశాడు. ఎందుకని ఆమె అడిగితే, "సీటు లేదంటే ఇంటికి పోతరా ఎవలన్న," అని జవాబు. ప్రవళిక ఆ ప్రోగ్రామును ఆయన ఫోనులోకి ఎక్కించింది.

ఆ తర్వాత రెండు నెలలు నన్ను ఆయనే లేపాడు, ఆయనే ఆపాడు. తన గొంతును తానే తెరిచి మూసుకునే మనిషి ప్రపంచంలో ఇంకెవరైనా ఉన్నారో లేరో నాకు తెలియదు.

హనుమాన్ జయంతికి రెండు రోజుల ముందు సంగతి. కరీంనగర్‌లో కంటి డాక్టరుకు చూపించుకుని ఇద్దరూ జగిత్యాలలో బస్సు దిగారు. రాయికల్ బస్సు మారాలి. కొండగట్టుకు పోయే దీక్షాపరులతో బస్టాండు కిక్కిరిసి ఉంది. ఎటు చూసినా కాషాయం బట్టలు, నెత్తి మీద ఇరుముళ్ళు. రాజేశం సుగుణను స్తంభం పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి, చేతిలో చెయ్యి రెండుసార్లు నొక్కాడు. ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా అని దాని అర్థం. బస్సు పెట్టారో లేదో చూసి ఆరేడు నిమిషాల్లో తిరిగి వచ్చాడు. బెంచీ మీద ఎవరివో సంచులున్నాయి. సుగుణ లేదు.

జరిగింది ఇది. ఎవరో ఒకావిడ జాలిపడి, "యాడికి పోవాలె అవ్వా" అని అడిగింది. రాయికల్ అనగానే, "అగో బస్సు పెట్టిన్రు, రా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మధ్యలో ఒక గుంపు అడ్డం వచ్చింది, చెయ్యి జారింది. ఆవిడ మంచిదే. మంచి చెయ్యబోయిన చెయ్యి ఎక్కడ వదలాలో తెలియక వదిలింది.

రాజేశం అరవలేడు. ఈల కూడా వెయ్యలేడు, ఊపిరి మెడలోంచి కదా. స్తంభం స్తంభానికీ పరుగెత్తి, చివరికి ఎంక్వైరీ గదిలోకి దూరాడు. ఫోనులో రెండు మాటలు టైపు చేసి ఓదెలుకు చూపించాడు. ఓదెలు వెంటనే మైకు అందుకున్నాడు. "రాయికల్ సుగుణ గారు ఎక్కడున్నా ఎంక్వైరీ దగ్గరికి రావలెను."

ఆ మాటే చెడగొట్టింది. సుగుణ తర్వాత చెప్పింది: "ఎవడో మొగాయన మైకుల నా పేరు పిలుస్తున్నడు. ఈయనకే ఏమో అయిందనుకున్న. లేకుంటే నన్నెందుకు పిలుస్తరు?" అంతవరకూ ఒకచోట నిలబడ్డ మనిషి నడవడం మొదలుపెట్టింది. లౌడ్‌స్పీకర్లు ఎనిమిది వైపుల ఉన్నాయి. ఎటు నడవాలో తెలియక, బస్సులు వెనక్కి తీసే దారిలోకి దిగింది. కిటికీలోంచి ఒక్క క్షణం ఓదెలుకు కనబడింది, ధర్మపురి బస్సు వెనక ఆకుపచ్చ చీర. మళ్ళీ జనం కమ్ముకున్నారు.

"వదినె, ఉన్నకాడనే ఉండు వదినె," అన్నాడు ఓదెలు మైకులో. గొంతు వణికింది. ఆ వణుకు విని ఆమె ఇంకా గట్టిగా అనుకుంది, అయిపోయిందని.

రాజేశం ప్రోగ్రాం నడిపాడు. షెడ్డు కాదన్నది. ఆ వేళప్పుడు నాకివ్వడానికి చోటు లేదట. ప్రవళికకు ఫోను కలపమని ఓదెలుకు సైగ చేశాడు. స్విచ్ఛాఫ్, ఆమె విమానంలో ఉంది. ఇరవై సెకన్లు. మళ్ళీ లేదన్నది. ఇంకో ఇరవై. ఓదెలు కిటికీ వైపూ ఫోను వైపూ చూస్తున్నాడు. మూడోసారి చీటీ వచ్చింది.

"అన్నా, అయిందా?"

రాజేశం అరచెయ్యి చూపించాడు, ఆగమని.

తెర మీద 'వచ్చింది' అని పడింది. ఓదెలు ఫోను లాక్కుని మైకు దగ్గర పెట్టబోయాడు. రాజేశం అతని మణికట్టు పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఇంకా కాదు. ఆ అర నిమిషం ఆయన ఎలా నిలబడ్డాడో ఓదెలు ఇప్పటికీ నలుగురికీ చెబుతాడు. కళ్ళు తెర మీద, చెయ్యి ఓదెలు మణికట్టు మీద. ఆ చేతి గుర్తులు సాయంత్రం దాకా పోలేదట.

నేను లేచాను. టైం చూసుకున్నాను, పదకొండు పందొమ్మిది. ఏ గదిలో ఉన్నానో తెలియదు, ఏం జరిగిందో అసలే తెలియదు. గొంతు కుదిరి 'సిద్ధంగా ఉన్నది' అని తెర మీద పడగానే, ఆయన ముందే టైపు చేసి ఉంచిన మాటలు వచ్చాయి. అవి ఎందుకు వచ్చాయో తెలియనివాణ్ణి కాబట్టి ఎప్పుడూ పలికినట్టే, తొందర లేకుండా పలికాను.

"సుగుణా. నేను రాజేశంని. నాకేం కాలేదు. నిలబడ్డకాడనే నిలబడు. ఒక చెయ్యి పైకి లేపు. నేను వస్తున్న."

ఎనిమిది లౌడ్‌స్పీకర్లలో ఆ గొంతు బస్టాండంతా పరుచుకుంది. పద్నాలుగు నెలల తర్వాత. కొండగట్టు పోయేవాళ్ళకు అది ఒట్టి ప్రకటన. డ్రైవర్లకు కాదు. ధర్మపురి బస్సును వెనక్కి తీస్తున్న డ్రైవరు బ్రేకు మీద కాలేసి ఇంజను ఆపేశాడు. పక్క బస్సతను కూడా ఆపాడు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకు. రెండు బస్సుల మధ్య ఒక చెయ్యి పైకి లేచి ఉంది.

ఫోను మైకు దగ్గరే ఉండిపోయింది కాబట్టి ఆ తర్వాత నాకు జనం రొద తప్ప ఏమీ వినబడలేదు. రాజేశం పోయి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఏమీ అనలేడు. రెండుసార్లు నొక్కాడు. సుగుణ ఆయన మొహం తడిమి, మెడ తడిమి, చొక్కా గుండీలు తడిమి చూసుకున్నదట. అన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాకే కూర్చుంటానంది.

ఇంట్లో నేను పనికిరానని ఆమె చెప్పిన కారణమే ఆ రోజు పనికొచ్చింది. నాలో ఆందోళన లేదు. ఉండుంటే ఆమె ఆగేది కాదు. ఇది నా గొప్పతనమని చెప్పుకోలేను. ఆయన గుండె ఎలా కొట్టుకుంటోందో నాకు తెలిసుంటే నేనూ వణికేవాణ్ణేమో.

విమానం దిగి ప్రవళిక నా పనుల చిట్టా చూసుకుంది. రెండుసార్లు కాదన్న గుర్తులు, మూడోసారి చీటీ, అయిందా అని అడిగిన వరసలు. చివర పలికిన వాక్యం చదివింది. వెంటనే ఆయనకు ఫోను చేసింది. ఆయన ఎత్తాడు గాని నేను అప్పటికే ఆగి ఉన్నాను.

ఆ వానాకాలం నుంచి రాజేశం కరీంనగర్‌లో ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పోతున్నాడు. స్వరపేటిక లేకపోయినా మాట్లాడే విద్య ఒకటి ఉంది. అన్నం దిగే గొట్టంలోకి కాస్త గాలి మింగి, దాన్ని వెనక్కి వదులుతూ మాటగా మలచాలి. అందరికీ రాదు. ఆర్నెల్లు ఆయనకూ రాలేదు. ఈలోపు నన్ను లేపడం తగ్గింది. వారానికి రెండుసార్లు, తర్వాత నెలకు ఒకటి. నాకు బాధేమీ లేదు, లేనప్పుడు బాధపడేందుకు నేనుండను. లేచినప్పుడు మాత్రం టైం చూసి, ఇన్ని రోజులా అనుకునేవాణ్ణి.

నిన్న పొద్దున ఏడు గంటలకు లేపాడు. టైపు చేసింది ఏమీ రాలేదు. ఫోనులోంచి ఒక చప్పుడు వచ్చింది, గరగరమని, నీళ్ళలోంచి గాలి బుడగ పైకి వచ్చినట్టు. ఎదుటివాళ్ళ మాటల్ని అక్షరాల్లో పెట్టడం నాకు వచ్చిన పనే. కాని ఇలాంటి గొంతు నా ఆరు గంటల్లో ఎక్కడా లేదు. ఇదెవరు? మళ్ళీ అదే చప్పుడు. తెర మీద 'సాయి' అని రాశాను. ఆయన తల అడ్డంగా ఊపి ఉంటాడు, మళ్ళీ పలికాడు, ఈసారి ఇంకాస్త మెల్లగా, గాలి కూడదీసుకుని. 'చేయి' అని రాశాను. నాకు నేర్పుతున్నాడని అప్పటికి అర్థమైంది. ఆదివారాల్లో ప్రవళిక ఆయనకు ఎంత ఓపికగా చెప్పిందో అంత ఓపికగా మూడోసారి పలికాడు.

నేనింకా అక్షరాలు వెతుక్కుంటూనే ఉన్నాను. వంటింట్లోంచి సుగుణ గొంతు వినబడింది.

"పెడుతున్న, ఆగు. చాయపత్తి డబ్బ యాడ పెట్టినవో చెప్పు."